కడియం నర్సరీ ప్రాంతం – డంపింగ్ యార్డు అవసరం లేని ఊరి దిశగా సామాజిక యత్నాలు: పరిశీలన

వ్యాససంగ్రహం:

ఊళ్లో పుట్టే చెత్తను వీలైనంతవరకు తగ్గించి, మిగిలినదాన్ని తిరిగి వినియోగంలోకి తెచ్చి, డంపింగ్ యార్డుకు చేరే భాగాన్ని దాదాపు లేకుండా చేయడమే ‘సున్నా వ్యర్థం’ అనే భావన. తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీ ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ భావనను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. డెల్టా నేల స్వభావం, చెత్తకు సంబంధించిన తెలుగు పదజాలం, కంపోస్టు తయారీలోని శాస్త్రీయాంశాలు, నర్సరీల ఎరువు అవసరం, మొక్కల కవర్ల సమస్య, సూర్యాపేట, వరంగల్, అలప్పుళ, జపాన్‌లోని కమికత్సు అనుభవాలు ఇందులో చర్చకు వస్తాయి. వేరుచేసిన ప్రతి రకం చెత్తకూ చేరవలసిన చోటు ఉన్నప్పుడే ఇంటింటా వేరుచేసే అలవాటు నిలుస్తుందని, కడియంలో తడిచెత్తకు అటువంటి చోటు సిద్ధంగా ఉండగా మొక్కల కవరుకు లేదని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: కడియం, నర్సరీలు, తడిచెత్త, పొడిచెత్త, కంపోస్టు, కొబ్బరిపొట్టు, మొక్కల కవర్లు, డంపింగ్ యార్డు, సున్నా వ్యర్థం.

1. ఉపోద్ఘాతం:

రాజమహేంద్రవరానికి చేరువలో ఉన్న కడియం మండలం నర్సరీలకు పెట్టింది పేరు. కడియపులంక, కడియపుసావరం, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు మొదలైన గ్రామాల్లో పూలమొక్కలు, పండ్లమొక్కల అంట్లు, నీడనిచ్చే చెట్లు, అలంకరణ మొక్కలు పెరిగి దేశంలోని అనేక రాష్ట్రాలకు తరలివెళ్తాయి. కడియపులంక పూలమార్కెట్టు చుట్టుపక్కల జిల్లాలకు పరిచితమైనదే. పచ్చదనాన్ని వృత్తిగా చేసుకొని, దాన్ని ఇతర ప్రాంతాలకు పంచే ఊళ్లు ఇవి. ఇటువంటి ఊళ్లు తమ చెత్తను ఎక్కడికి పంపుతున్నాయి, ఎక్కడికి పంపగలవు అన్న ప్రశ్న ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

‘సున్నా వ్యర్థం’ అంటే చెత్త అసలే పుట్టకపోవడం కాదు. ఈ రంగంలో పనిచేస్తున్న అంతర్జాతీయ కూటమి పెట్టుకొన్న కొలమానం ప్రకారం, పుట్టిన చెత్తలో 90 శాతం లేదా అంతకు మించిన భాగం డంపింగ్ యార్డుకు గాని, కొలిమికి గాని పోకుండా ఉండాలి. చెత్తను కాల్చి విద్యుత్తు తీయడాన్ని కూడా ఈ నిర్వచనం విజయంగా లెక్కించదు. మనదేశంలో 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమావళి సైతం ఈ దిశలోనే ఆలోచించింది. తిరిగి వాడుకోలేనిది, కుళ్లనిది, మండనిది, చర్య జరపనిది అయిన వ్యర్థం మాత్రమే పూడ్చివేతకు పోవాలని నిర్దేశించింది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మొదట 2000 నాటి పురపాలక వ్యర్థాల నియమావళికి దారితీసింది. 2016 నియమావళి దాని స్థానంలో వచ్చింది.

నియమం ఉన్నంతమాత్రాన ఊరు మారదు. ఏ ఊరి నేల, నీరు, వృత్తి ఎటువంటివో గమనించినప్పుడే ఆ ఊరికి తగిన మార్గం తెలుస్తుంది. అందువల్ల ముందుగా డెల్టా నేలను పరిశీలించాలి.

2. డెల్టా నేల – డంపింగ్ యార్డు:

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టా జీవనాన్ని మార్చివేసింది. ధవళేశ్వరం నుంచి బయలుదేరే కాలువలు ఈ ప్రాంతానికి సాగునీటితోపాటు తాగునీటిని కూడా ఇస్తున్నాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసే ముందు గ్రామాల మంచినీటి చెరువులను నింపుకోవడం డెల్టాలో పరిపాటి. అంటే కాలువగట్టు మీద పడిన చెత్త, కాలువకు నీరు వదిలిననాడు చెరువుకు, అక్కడినుంచి కుళాయికి ప్రయాణించే అవకాశం ఉన్నది. కాలువ ఎగువన ఉన్న ఊరు పారవేసింది దిగువన ఉన్న ఊరు తాగవలసిరావడం డెల్టాలో కేవలం ఊహ కాదు.

మెట్టప్రాంతంలో ఊరికి దూరంగా ఒక బీడు దొరుకుతుంది. డెల్టాలో అంతటి వెసులుబాటు లేదు. ఇక్కడ నేల పల్లం, భూగర్భజలం పైపైనే ఉంటుంది, వర్షాకాలంలో నీరు నిలుస్తుంది. గుంత తీసి చెత్తను పూడిస్తే, దాన్నుంచి ఊరే మురుగుద్రవం భూగర్భజలాన్ని చేరడానికి ఎంతో కాలం పట్టదు. గాలి అందని కుప్పలో తడిచెత్త కుళ్లితే మీథేను వాయువు పుడుతుంది. అదే కుప్పలకు నిప్పంటుకోవడానికి కూడా కారణమవుతుంది. 2023 మార్చిలో కొచ్చి నగరపు బ్రహ్మపురం చెత్తకుప్ప రోజుల తరబడి తగలబడి, నగరాన్ని పొగతో కప్పివేసిన ఉదంతం ఇటీవలిదే.

పైగా కడియం ప్రాంతంలో ప్రతి సెంటు భూమికీ విలువ ఉన్నది. నర్సరీకి పనికివచ్చే నేలను చెత్తకు కేటాయించడానికి ఎవరూ ఇష్టపడరు. ఇటువంటి చోట డంపింగ్ యార్డు దొరకనప్పుడు చెత్త రోడ్డు మార్జిన్లకు, మురుగుకాలువల గట్లకు చేరుతుంది. కనుక డెల్టా గ్రామాలకు ‘డంపింగ్ యార్డు ఎక్కడ?’ అన్న ప్రశ్నకంటే ‘డంపింగ్ యార్డు అవసరం ఎంతవరకు తగ్గించగలం?’ అన్న ప్రశ్నే ఆచరణీయమైనది.

3. చెత్తకు తెలుగు పదజాలం:

ఈ ప్రశ్నకు సమాధానం వెతికేటప్పుడు వ్యవసాయ జీవితంలోని పదజాలం కొంత తోడ్పడుతుంది. వరి నుంచి బియ్యం రాగా మిగిలిన వాటిలో దేని పేరు దానిదే: ఎండుగడ్డి, ఊక, తవుడు, చిట్టు, నూక. ఎండుగడ్డి పశువులకు మేత, ఇంటికి కప్పు. తవుడు కుడితిలోకి పోతుంది. ఊక పొయ్యిలోకి, ఇటుకబట్టీలోకి చేరుతుంది. కొబ్బరిచెట్టు విషయమూ ఇంతే. డొక్క, పీచు, చిప్ప, మట్ట, ఈనె అనే మాటలు ఒక్కొక్కటీ ఒక్కొక్క వినియోగాన్ని గుర్తుచేస్తాయి. వంటింట్లో మిగిలిన గంజి, కడుగునీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి అవుతాయి. పేడ పిడకగానో, కళ్లాపిగానో, ఎరువుగానో మారుతుంది.

‘కసవు’ అనే పదానికి గడ్డి అని, ఊడ్చివేసే తుక్కు అని రెండర్థాలు ఉన్నాయి. ఒకప్పుడు వాకిట్లో ఊడ్చినది చాలావరకు ఆకూ గడ్డీ కావడాన్ని ఈ అర్థద్వయం సూచిస్తున్నది. ‘పెంట’ అనే పదానికి ఎరువుకుప్ప అన్న అర్థంతోపాటు జనావాసం అనే అర్థం కూడా ఉన్నది. నల్లమలలో చెంచుల గూడేలను నేటికీ పెంటలంటారు. ‘ఎరువు’ మాట మరింత ఆసక్తికరమైనది. పొలానికి వేసే ఎరువు ఒకటి. అరువుగా తెచ్చుకొన్నది మరొకటి. తమిళంలో మొదటిదానికి ‘ఎరు’, రెండవదానికి ‘ఇరవల్’ అనే సమీపరూపాలు కనిపిస్తున్నందువల్ల ఈ రెండింటి మూలాలు వేరని చెప్పవచ్చు. వ్యుత్పత్తి వేరైనా, నేలనుంచి తీసుకొన్నదాన్ని నేలకు తిరిగి చెల్లించడం అనే భావాన్ని రైతు ఆచరణ ఈ రెండర్థాల మధ్య కలిపింది.

పైమాటలన్నింటిలో ఒక సామాన్యలక్షణం ఉన్నది. ప్రతి పదార్థానికీ పేరు ఉన్నది, ఆ పేరుతోపాటు అది చేరవలసిన చోటూ నిర్ణయమై ఉన్నది. అన్నీ కలిసిపోయి, దేని పేరూ మిగలనప్పుడు అది ‘చెత్త’ అవుతుంది. నేటి ‘తడిచెత్త, పొడిచెత్త’ అనే విభజన ఒక విధంగా కోల్పోయిన పేర్లను తిరిగి పెట్టే ప్రయత్నమే.

అయితే పాత పల్లె వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. ఊరిని శుభ్రం చేసే భారాన్ని కులం పేరుతో కొందరిమీదే మోపి, వారిని ఊరి వెలుపల ఉంచిన వ్యవస్థ అది. చెత్తను చూసి అసహ్యించుకోవడం, దాన్ని ఎత్తే మనిషిని దూరం పెట్టడం రెండూ కలిసే సాగాయి. నేడు ఇంట్లో వేరుచేయకుండా ఒకే బుట్టలో వేసినప్పుడు, ఆ వేరుచేసే పని పారిశుద్ధ్య కార్మికుల చేతులమీద పడుతుంది. అన్నం మెతుకులు, గాజుపెంకులు, పిల్లల డైపర్లు, వాడిన సూదులు కలిసిన కుప్పను వారు చేతులతో విడదీయవలసి వస్తుంది. కనుక ఇంట్లో వేరుచేయడం పరిశుభ్రతకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, సామాజిక న్యాయానికి సంబంధించినది కూడా.

4. కుళ్లడం – మాగడం:

తడిచెత్తను ఎరువుగా మార్చే విధానాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగులోని రెండు క్రియాపదాలు ఉపకరిస్తాయి. గాలి అందకుండా ముద్దకట్టినది ‘కుళ్లుతుంది’; గాలి, తేమ, వేడి తగుపాళ్లలో అందినది ‘మాగుతుంది’. పండుకు వాడే ‘మాగు’ క్రియనే రైతులు ఎరువుకు కూడా వాడటం గమనార్హం. రెండింటిలోనూ సూక్ష్మజీవులే పనిచేస్తాయి. గాలి ఉన్నచోట పనిచేసేవి వేరు, లేనిచోట పనిచేసేవి వేరు. మొదటి రకం పనిచేస్తే మట్టివాసన వస్తుంది, రెండవ రకం పనిచేస్తే దుర్గంధం వస్తుంది. ఊళ్లో కంపోస్టు కేంద్రాన్ని ఇరుగుపొరుగువారు వ్యతిరేకించడానికి సాధారణంగా కారణం దుర్గంధమే. మాగే చోట ఆ సమస్య చాలావరకు ఉండదు.

చెత్త చక్కగా మాగడానికి మూడు షరతులు ముఖ్యమైనవి. మొదటిది కర్బన, నత్రజనుల నిష్పత్తి. ఇది ప్రారంభంలో సుమారు 25 నుంచి 30 వంతుల కర్బనానికి ఒక వంతు నత్రజనిగా ఉండాలి. కూరగాయల తొక్కల్లో, మిగిలిన అన్నంలో, పేడలో నత్రజని పాలు ఎక్కువ. ఎండుటాకుల్లో, ఊకలో, కొబ్బరిపొట్టులో కర్బనం పాలు ఎక్కువ. ఈ రెండు రకాలనూ పొరలు పొరలుగా కలపాలి. రెండవది తేమ, ఇది 50 నుంచి 60 శాతం ఉండాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంటే సరిపోతుంది. మూడవది గాలి, ఇందుకోసం కుప్పను మధ్యమధ్య తిరగవేయాలి. ఈ షరతులు కుదిరితే కుప్ప లోపల వేడి 55 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. ఆ వేడి కొన్ని రోజులపాటు నిలిస్తే కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు నశిస్తాయి. వానపాముల ఎరువు తయారుచేయదలచినవారు ఈ వేడిదశ గడిచిన తరువాతనే వానపాములను వదలాలి. లేకుంటే అవి చనిపోతాయి.

5. నర్సరీలు – తడిచెత్త చేరవలసిన చోటు:

అనేక పట్టణాల్లో కంపోస్టు పథకాలు విఫలం కావడానికి కారణం తయారీ చేతకాకపోవడం కాదు, తయారైన ఎరువును కొనేవారు లేకపోవడం. పొలాలు దూరం, రవాణాఖర్చు ఎక్కువ, రైతుకు నాణ్యతపై నమ్మకం తక్కువ. గోదాములో పేరుకొన్న ఎరువు చివరకు మళ్లీ కుప్పలోకే చేరుతుంది.

కడియంలో పరిస్థితి ఇందుకు భిన్నమైనది. ఇక్కడ ఎరువు వాడేవారు ఊళ్లోనే ఉన్నారు. మొక్క కవరులో నింపే మిశ్రమంలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు వంటివి ఉంటాయి. కోనసీమ కొబ్బరితోటలు చేరువలోనే ఉన్నందువల్ల కొబ్బరిపొట్టుకు కొరత లేదు. పీచు తీయగా మిగిలిన ఈ పొట్టును ఒకప్పుడు పనికిరానిదిగా పరిశ్రమల పక్కన కుప్పలుగా పోసేవారు. తన బరువుకు అనేకరెట్ల నీటిని పట్టి ఉంచే గుణం తెలిసిన తరువాత అది సరుకైంది. పచ్చిపొట్టులో లవణాలు, కర్బనం పాలు ఎక్కువ కనుక కడిగి, మాగబెట్టి వాడుకోవాలి. కాయర్ బోర్డు ఇందుకోసం ‘పిత్‌ప్లస్’ అనే శిలీంధ్ర మిశ్రమాన్ని అందుబాటులోకి తెచ్చింది. చెత్త అనుకొన్నది సరుకుగా మారడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ ప్రాంతంలో మరొకటి అక్కరలేదు.

ఒక ఊహాలెక్కను పరిశీలిద్దాం. వెయ్యి గడపల ఊళ్లో ఇంటికి రోజుకు ఒక కిలో తడిచెత్త వచ్చిందనుకొంటే మొత్తం ఒక టన్ను. మాగిన తరువాత అందులో నాలుగోవంతు మిగిలిందనుకొంటే 250 కిలోల ఎరువు. రెండు కిలోల మిశ్రమం పట్టే కవరులో అయిదోవంతు ఎరువు, అంటే 400 గ్రాములు వేస్తే, ఆ 250 కిలోలు 625 కవర్లకు సరిపోతాయి. ఏడాదికి ఇవి రెండు లక్షల ఇరవై ఎనిమిది వేల కవర్లు. లక్షల సంఖ్యలో మొక్కలు పెంచే నర్సరీలు బారులు తీరిన ప్రాంతానికి ఈ పరిమాణం ఏమాత్రం భారం కాదు. అంటే ఊళ్లో తయారైన ఎరువు ఊరు దాటకుండానే ఖర్చుకాగలదు.

అయితే నర్సరీ రైతు ఏ ఎరువునైనా తీసుకోడు. చెత్త ఎరువులో గాజుముక్కలుంటే కవరు నింపే కూలీల చేతులు తెగుతాయి. ఆ పనిచేసేవారిలో మహిళలు ఎక్కువ. సరిగా మాగని ఎరువు లేతవేళ్లను మాడుస్తుంది. లవణాలు ఎక్కువైతే ఆకుల అంచులు ఎండుతాయి. నులిపురుగులు, కలుపు విత్తనాలు మిగిలితే ఒక కవరులోని తెగులు నర్సరీ అంతటికీ, మొక్కతోపాటు ఇతర రాష్ట్రాలకూ పాకుతుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నగర కంపోస్టుకు కర్బన, నత్రజనుల నిష్పత్తి 20కి మించరాదని, లవణత, భారలోహాలు నిర్ణీత పరిమితుల్లో ఉండాలని ప్రమాణాలు ఏర్పరచింది. ఈ ప్రమాణాలను అందుకోవాలంటే కుప్పను తరువాత జల్లెడ పట్టడం చాలదు. బ్యాటరీలు, ట్యూబులైట్లు, మందుసీసాలు, ప్లాస్టిక్కు మొదటినుంచే కలవకుండా ఉండాలి. నర్సరీ రైతు ఎరువును తిరస్కరించడానికీ, వంటింట్లో రెండు బుట్టలు పెట్టుకోకపోవడానికీ ఉన్న సంబంధం ఇక్కడ స్పష్టమవుతున్నది.

6. మొక్కల కవరు – చేరవలసిన చోటు లేని చెత్త:

తడిచెత్త విషయంలో ఇంత అనుకూలత ఉన్న ఈ ప్రాంతంలోనే, పొడిచెత్త విషయంలో ఒక చిక్కు ఉన్నది. అది మొక్కల కవరు. పై ఊహాలెక్కనే కొనసాగిస్తే, ఒక్కొక్క కవరు అయిదు గ్రాములు తూగినా, ఏడాదికి 1,140 కిలోల ప్లాస్టిక్కు కావాలి. ఒక చిన్న ఊరి ఎరువును నింపడానికే టన్నుకు మించిన ప్లాస్టిక్కు ఖర్చవుతున్నదన్నమాట.

ఈ కవర్లలో ఎక్కువభాగం మొక్కతోపాటు కొనుగోలుదారు ఊరికి వెళ్లిపోతాయి. మొక్కను నాటేటప్పుడు బ్లేడుతో కోసి పక్కన పడేసిన కవరు ఆ ఊరి చెత్తలో కలుస్తుంది. భారీగా మొక్కలు నాటే కార్యక్రమాలు జరిగినచోటల్లా నాటిన గుంతల పక్కనే ఈ నల్లముక్కలు కనిపించడం మామూలే. కడియంలో మిగిలేవి వేరు: పెద్ద కవరులోకి మార్చినప్పుడు తీసివేసినవి, చచ్చిపోయిన మొక్కలవి, చిరిగిన షేడ్‌నెట్ ముక్కలు, అంట్లు కట్టే ప్లాస్టిక్కు పట్టీలు, పాత డ్రిప్పు గొట్టాలు, పురుగుమందు డబ్బాలు.

పాతసామాను కొనేవారు ఈ కవర్లను తీసుకోవడానికి వెనుకాడటంలో ఆశ్చర్యం లేదు. అవి పలుచనివి, మట్టి అంటినవి, కడగడానికి నీరు, కూలి దండగ. నలుపుకోసం కలిపే కర్బనపు పొడి కారణంగా యంత్రాలు సైతం ఆ ప్లాస్టిక్కు రకాన్ని గుర్తుపట్టి వేరుచేయలేవు. కొనేవారు లేనందువల్ల మిగిలిన దారి కాల్చడమే అవుతుంది. వ్యర్థాలను బహిరంగంగా తగలబెట్టడాన్ని 2016 నియమావళి నిషేధించింది. తోటల వ్యర్థాలను వేరుగా తమ ఆవరణలోనే ఉంచి, స్థానికసంస్థ సూచనల మేరకు తొలగించాలని కూడా అదే నియమావళి చెప్పింది. భోగిమంటలో పిడకలతోపాటు టైర్లు, ప్లాస్టిక్కు వేయడం ఎంత విపరీతమో, మొక్కల మధ్య కవర్లు కాల్చడమూ అంతే విపరీతం.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. వేరు చుట్టూ మట్టిగడ్డను ఎండుగడ్డితోనో, అరటిదొప్పతోనో కట్టడం తోటమాలులకు తెలిసిన పద్ధతే. కొబ్బరిపీచుతో చేసిన కుండీని మొక్కతో సహా నేలలో పాతవచ్చు. గట్టి ప్లాస్టిక్కు ట్రేలు, గొట్టాలు తిరిగి తీసుకొని అనేకసార్లు వాడవచ్చు. వీటికి ధర, బరువు, మన్నిక అనే అడ్డంకులు ఉన్నాయి. నెలల తరబడి రోజూ తడిసే మొక్కకు దొప్ప ఆగదు. పీచుకుండీ ధర కవరు ధరకంటే ఎక్కువ. కొద్ది లాభంమీద నడిచే చిన్న నర్సరీ రైతును మాత్రమే తప్పుపట్టడం వల్ల ప్రయోజనం లేదు. టోకున మొక్కలు కొనే ప్రభుత్వశాఖలు, సంస్థలు తమ కొనుగోలు షరతుల్లో మార్పు తెస్తేనే రైతుకు ఆ ధర గిట్టుబాటవుతుంది.

7. తెలుగునాట, ఇతరత్రా అనుభవాలు:

కడియానికి ఏ మార్గం అనువైనదో నిర్ణయించే ముందు ఇతర ఊళ్ల అనుభవాలను చూడాలి.

7.1 సూర్యాపేట, వరంగల్: అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట పురపాలకసంఘం 2003లో వీధుల్లో కుప్పతొట్లను తొలగించి, ఇంటింటి సేకరణను ప్రవేశపెట్టింది. తడిచెత్తను ఎరువుగా, పొడిచెత్తను అమ్మకపు సరుకుగా మార్చి దేశవ్యాప్తంగా గుర్తింపు పొందింది. కుప్పతొట్టి ఉన్నంతకాలం వేరుచేసే అలవాటు రాదన్నది ఆ ప్రయోగం నేర్పిన పాఠం. వరంగల్‌లో 2012 అక్టోబరులో జరిగిన క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ ఇంటింటా వేరుచేయడాన్ని ఒక పోటీగా, పండుగగా మార్చి ప్రజల్లో ఉత్సాహం కలిగించింది.

7.2 ఆంధ్రప్రదేశ్ పథకాలు: స్వచ్ఛాంధ్ర కార్పొరేషన్ 2015లో ఏర్పడింది. గ్రామపంచాయతీల్లో ‘చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు’ వెలిశాయి, చెత్త సేకరణకు గ్రీన్ అంబాసిడర్లు నియమితులయ్యారు. 2021 అక్టోబరు 2న ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో పట్టణ కుటుంబాల నుంచి వినియోగరుసుము వసూలు చేయడం తీవ్ర చర్చకు గురైంది. ప్రజలు ‘చెత్తపన్ను’గా పిలిచిన ఆ రుసుమును రద్దుచేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న ప్రభుత్వం ప్రకటించింది. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడవ శనివారం స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతున్నది. ఈ చరిత్రలో ఒక ప్రశ్న పరిష్కారం కాకుండా మిగిలింది: సేకరణకయ్యే ఖర్చు ఎవరు భరించాలి? పన్ను ద్వారానా, ప్రభుత్వ నిధుల ద్వారానా, ఎరువు అమ్మకం ద్వారానా? సేకరించే కార్మికుని వేతనం సక్రమంగా అందకపోతే ఏ కేంద్రమూ నడవదు. షెడ్డు కట్టడం ఒకనాటి ఖర్చు, దాన్ని నడపడం ప్రతిదినపు ఖర్చు.

7.3 అలప్పుళ: కాలువలు, పల్లపు నేల, కొబ్బరిచెట్లు ఉన్న కేరళ పట్టణం అలప్పుళ భౌగోళికంగా మన డెల్టాకు దగ్గరిది. ఆ పట్టణపు చెత్తను చేరవేసే సర్వోదయపురం గ్రామస్థులు ఎదురుతిరిగి లారీలను అడ్డగించడంతో 2012లో ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు పట్టణం ఎవరి చెత్తను వారిచోటనే మాగబెట్టే విధానాన్ని చేపట్టింది. ఇళ్లలో చిన్న బయోగ్యాస్ తొట్లు, వీధికూడళ్లలో గాలి ఆడే కంపోస్టు గదులు వచ్చాయి. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఈ పట్టణాన్ని ప్రపంచంలోని ఆదర్శ నగరాల సరసన పేర్కొన్నది. పొరుగూరి ప్రజలు ‘మీ చెత్త మాకొద్దు’ అన్ననాడు మొదలైన మార్పు ఇది.

7.4 కమికత్సు: జపాన్‌లోని కమికత్సు గ్రామం 2003లో సున్నా వ్యర్థ ప్రకటన చేసి, 2020ని గడువుగా పెట్టుకొన్నది. గ్రామస్థులు తమ చెత్తను తామే కేంద్రానికి తెచ్చి అనేక రకాలుగా వేరుచేస్తారు. తడిచెత్త ఇళ్లలోనే ఎరువవుతుంది. ఇంత శ్రమపడినా పునర్వినియోగం సుమారు 80 శాతం దగ్గర ఆగింది. డైపర్లు, పలురకాల పదార్థాలు అతికించి చేసిన వస్తువులు మొదలైనవి మిగిలిన 20 శాతంలో ఉన్నాయి. పౌరులు ఎంత నిష్ఠగా వేరుచేసినా, వస్తువు తయారీలోనే లోపం ఉంటే అది తిరిగి వినియోగంలోకి రాదని ఈ అనుభవం తెలుపుతున్నది. మన మొక్కల కవరు కూడా ఈ కోవకే చెందుతుంది.

8. కడియానికి అన్వయం:

పై అనుభవాల వెలుగులో కడియం ప్రాంతానికి కొన్ని సూచనలు చేయవచ్చు.

మొదట, పంచాయతీకి, నర్సరీ రైతుల సంఘాలకు మధ్య ఎరువు కొనుగోలుపై లిఖితపూర్వకమైన అంగీకారం ఉండాలి. నిర్ణీత నాణ్యత ఉన్న ఎరువును నిర్ణీత ధరకు కొంటామని రైతులు ముందుగా చెప్పినప్పుడు తయారీకేంద్రం రోజువారీ ఖర్చులో కొంత సమకూరుతుంది. ఎరువు తిరస్కరణకు గురైనప్పుడు అది ఏ వీధి చెత్తనుంచి వచ్చిందో గుర్తించి ఆ వీధికే తెలియజేస్తే, వేరుచేయడంలోని లోపం ఎక్కడున్నదో ప్రజలకే అర్థమవుతుంది.

రెండవది, నర్సరీ వ్యర్థాలను, ఇళ్ల చెత్తను పరస్పర పూరకాలుగా చూడాలి. నర్సరీల్లో కత్తిరించిన కొమ్మలు, ఎండుటాకులు, పూలమార్కెట్టులో మిగిలిన పూలు ఊళ్లో కావలసినంత ఉన్నాయి. కర్బనం ఎక్కువగా ఉన్న ఆ కొమ్మలూ ఆకులూ, నత్రజని ఎక్కువగా ఉన్న వంటింటి చెత్తతో కలిస్తే ఇంతకుముందు చెప్పిన నిష్పత్తి సహజంగానే కుదురుతుంది. తెగులు సోకిన మొక్కలను మాత్రం ఈ కుప్పలో కలపరాదు.

మూడవది, కవర్లకు వాపసు పద్ధతి అవసరం. నర్సరీలోనే తీసివేసిన కవర్లను మట్టి దులిపి, ఎండబెట్టి, ఒకచోట చేర్చితే పరిమాణం పెరిగి కొనేవారికి గిట్టుబాటవుతుంది. ఒక్కొక్క నర్సరీ విడివిడిగా చేయలేని ఈ పనిని సంఘం చేయగలదు. పురుగుమందు డబ్బాలను ఈ కుప్పలో కలపకుండా ప్రమాదకర వ్యర్థాలుగా వేరుగా ఉంచాలి.

నాలుగవది, కళాశాలల పాత్ర. తెలుగు, వృక్షశాస్త్ర, ఆర్థికశాస్త్ర శాఖలు కలిసి చేయదగిన క్షేత్రపరిశోధనకు ఇది అనువైన విషయం. నర్సరీ వృత్తి పదకోశం సేకరణ, ఒక వీధి చెత్తను వారంపాటు తూచి వర్గీకరించడం, ఎరువు నాణ్యత పరీక్ష, కవర్ల ఖర్చు లెక్క మొదలైన అంశాలు లఘుపరిశోధనలకు తగినవి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్న దృష్ట్యా, లక్షలమంది వచ్చే ప్రాంతంలో ఇటువంటి కొలతలు ముందుగానే ఉండటం అవసరం.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. నేల పల్లంగా ఉండి, భూగర్భజలం పైన ఉండి, కాలువనీరే తాగునీరైన డెల్టాలో డంపింగ్ యార్డు దీర్ఘకాలిక పరిష్కారం కాదు.

2. వ్యవసాయ జీవితపు పదజాలంలో ప్రతి మిగులు పదార్థానికీ పేరు, చేరవలసిన చోటు ఉన్నాయి. నేటి చెత్త విభజన ఆ ఆలోచనకు కొనసాగింపే. అయితే ఆనాటి కులపరమైన శ్రమవిభజన కొనసాగకూడదు.

3. కడియంలో తడిచెత్త ఎరువుకు గిరాకీ ఊళ్లోనే ఉన్నది. దానికి అడ్డు నాణ్యత. ఆ నాణ్యత ఇంట్లో వేరుచేయడంతోనే మొదలవుతుంది.

4. మొక్కల కవరుకు నేటికీ చేరవలసిన చోటు లేదు. ఇది రైతు ఒక్కడివల్ల పరిష్కారమయ్యేది కాదు. టోకు కొనుగోలుదారులు, తయారీదారులు, నర్సరీ సంఘాలు కలిసి మార్గం చూడాలి.

5. సూర్యాపేట, అలప్పుళ అనుభవాలు సమష్టి నిర్ణయపు బలాన్ని, కమికత్సు అనుభవం దాని పరిమితిని తెలుపుతున్నాయి.

6. చెత్త సేకరించే కార్మికునికి సకాలంలో వేతనం, రక్షణ పరికరాలు, గౌరవం అందని పథకం ఎంత గొప్పదైనా నిలవదు.

ఈ ఆరింటిలో మూడవ అంశాన్ని అమలుచేయడానికి కొత్త చట్టం గాని, పెద్ద యంత్రం గాని అవసరం లేదు. ఎరువు తయారయ్యే చోటు, ఎరువు కావలసిన చోటు పక్కపక్కనే ఉన్న ఊరు అరుదు. ఆ అనుకూలత ఉన్న కడియం ప్రాంతంలో ఒక్క పంచాయతీ అయినా ఒక్క ఏడాదిపాటు ఎంత తడిచెత్త సేకరించినదీ, ఎంత ఎరువు తయారుచేసినదీ, అందులో నర్సరీలు ఎంత కొన్నదీ నమోదుచేస్తే, ఆ లెక్క మిగిలిన డెల్టా గ్రామాలన్నింటికీ ఆధారమవుతుంది.